ఆరని ప్రైమరు, ఆగిన కూలి

అనంతగిరి దిగువ గ్రామం నుండి ఒక సోదరి అడిగారు: ఇంట్లో నికాహ్ దగ్గర పడినందున, పుచ్చిన దర్వాజా అడుగుభాగాన్ని కోయించి కొత్త ముక్క అతికించి, లప్పం పెట్టించి, ప్రైమరు వేయించారట. పాత కర్ర మీద పూత ఆరింది. అతికించిన చోట మాత్రం వారం గడిచినా వేలికి అంటుకుంటున్నది. రంగు వేసిన వాని కూలి ఆపవచ్చునా?

ముందు పూత సంగతి చూద్దాం. నూనె ప్రైమరు ఆరడమంటే టర్పెంటైను ఆవిరి కావడం మాత్రమే కాదు. అందులోని నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడాలి. మూసీ పుట్టిన ఈ కొండల్లో వానాకాలపు తేమ దానిని ఆలస్యం చేస్తుంది, నిజమే. అయితే అదే డబ్బా, అదే గాలి, పాత కర్ర మీద ఆరినదంటే లోపం అతుకులోనే ఉన్నది. ముక్క పచ్చి కర్ర కావచ్చు. లప్పం లోపల గట్టిపడకముందే పైన పూత పడి ఉండవచ్చు. చెదలు పట్టకుండా ఎవరైనా వాడేసిన ఇంజను నూనె పూసి ఉండవచ్చు. నా అనుమానం దీనిమీదనే ఎక్కువ. ఆ నూనె ఎన్నటికీ గట్టిపడదు.

దానిపై రెండవ పూత వేయకండి. జిగటను గీకి, టర్పెంటైను గుడ్డతో తుడిచి, కర్రను గాలికి వదలండి. తర్వాత దానిపై ప్లాస్టిక్ కాగితం అంచులు మూసి అతికించి రాత్రంతా ఉంచండి. ఉదయం లోపల చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. లేకుంటే ఉప్పుకాగితంతో రుద్ది పలుచని పూత వేయవచ్చు. ఇంజను నూనె లోపలికి ఇంకి ఉంటే ఆ ముక్కను మార్చడమే మేలు. కొత్త ముక్క అడుగుకోతకు కూడా ప్రైమరు పట్టించండి. తాండూరు బండల మీద నిలిచిన కడుగునీటిని కర్ర అక్కడి నుండే పీలుస్తుంది.

ఇక కూలి. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి ఉంచగా వేళ్లకు తడి తగిలిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉన్నది. వానకు తడిసిందని వర్తకుడు విన్నవించాడు. తడిసినదానిని జనులకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. తడవడం అక్కడ నేరం కాలేదు, దాచడమే నేరమైంది. మీరూ అదే విచారించండి. కర్ర పచ్చిదని అతను చెప్పినా పెళ్లి తొందరలో మీరే వేయించి ఉంటే పూర్తి కూలి అతని హక్కు. చెమట ఆరకముందే ఇవ్వవలసినదానిని ప్రైమరు ఆరేదాకా ఆపడం తగదు. ఇంజను నూనె పూసిన వడ్రంగి ఆ మాట దాచి ఉంటే అడగవలసింది వడ్రంగిని. రంగు వేసినవాడే తెలిసి కప్పిపుచ్చి ఉంటే, ఆ భాగాన్ని మళ్లీ చేసి ఇమ్మని కోరవచ్చు. మిగిలిన పనికి కూలి మాత్రం ఇవ్వవలసిందే.

నికాహ్ నాటికి కర్ర ఆరకపోతే అక్కడ ఒక పరదా వేలాడదీయండి. రంగు వానలు వెలిశాక వేయించవచ్చు.