ఆకలికి అనుమతి పత్రమా?

కార్యాలయాలలో దస్త్రాలు కదుపుతూ ఉద్యోగ జీవితమంతా గడిపినవాళ్లం మేము. ఒక సంతకం ఆగితే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక తుఫాను వేళ, బియ్యం పంపిణీ జాబితాలో ఒక గడి ఖాళీగా ఉందన్న కొర్రీతో ఫైలు వెనక్కి వచ్చింది. దానిని సరిచేసి పంపేసరికి నాలుగు రోజులు గడిచాయి. గోదాములో బియ్యం ఉన్నాయి, బడి వరండాలలో ఆకలిగొన్న జనమూ ఉన్నారు. రెంటికీ నడుమ అడ్డుగా నిలిచింది ఒక కాగితం. నాడు ఆ ఫైలు మోసినవారిలో మేమూ ఉన్నాం. సూడాన్ గురించి రాయడానికి కూర్చుంటే ముందుగా ఆ కాగితమే గుర్తుకు వస్తున్నది.

2023 ఏప్రిల్ 15న, పవిత్ర రంజాన్ మాసపు చివరి దినాలలో, సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో యుద్ధం మొదలైంది. ఒక పక్షం జనరల్ అబ్దుల్ ఫత్తాహ్ బుర్హాన్ నడిపే సైన్యం. రెండవది హమెద్తీగా పేరుపడ్డ ముహమ్మద్ హమ్దాన్ దగాలో నడిపే ఆర్‌ఎస్‌ఎఫ్ అర్ధసైనిక దళం. 2021లో పౌర ప్రభుత్వాన్ని కలిసి కూలదోసినవారే నేడు దేశాన్ని పంచుకోలేక కొట్టుకుంటున్నారు. ఫలితంగా 1.2 కోట్ల మందికి పైగా ఇల్లు విడిచారు. 2.46 కోట్ల మంది, అంటే జనాభాలో దాదాపు సగం, తీవ్రమైన ఆకలిలో పడ్డారు.

దౌత్యం జరగలేదా? జరిగింది. యుద్ధం మొదలైన నెలలోపే, 2023 మే 11న, సౌదీ అరేబియా, అమెరికాల మధ్యవర్తిత్వంతో జెడ్డాలో ఉభయ పక్షాలూ ఒక ప్రకటనపై సంతకాలు చేశాయి. పౌరులను కాపాడతామని, సహాయాన్ని అడ్డుకోబోమని వాగ్దానం చేశాయి. ఆ వాగ్దానం ఏమైందో కింది మూడు తేదీలు చెబుతాయి.

2024 ఫిబ్రవరిలో, చాద్ దేశం నుంచి దార్‌ఫూర్‌కు ఆహారం చేరే ముఖ్యమైన అద్రే సరిహద్దు ద్వారాన్ని సైనిక ప్రభుత్వం మూసివేసింది. ఆగస్టు 1న, అల్ ఫాషిర్ పక్కనున్న జంజం శిబిరంలో కరవు నెలకొన్నదని అంతర్జాతీయ నిపుణులు నిర్ధారించారు. ఆ ద్వారం తెరవడానికి అనుమతి వచ్చింది ఆగస్టు నడిమధ్యలో. అదైనా మూడు నెలల గడువుతో, వానలకు దారులు తెగిన వేళ! కరవు నిర్ధారణ అయ్యాక గాని రొట్టెకు అనుమతి దొరకలేదు.

ఆ ద్వారం గుండా ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఆయుధాలు వస్తున్నాయని సైన్యం వాదించింది. ఆ అనుమానం నిరాధారమని మేము అనడం లేదు. అయితే ఆయుధాల అనుమానానికి మందు తనిఖీ. ఆహారాన్ని ఆపడం ఎన్నటికీ కాదు. 2014లో సిరియా విషయంలో భద్రతా మండలి 2165వ తీర్మానం చేసి, ప్రభుత్వ అనుమతితో నిమిత్తం లేకుండా, లారీలను పరిశీలకులతో తనిఖీ చేయించి సరిహద్దులు దాటించింది. అక్కడ సాధ్యమైనది దార్‌ఫూర్‌లో ఎందుకు అసాధ్యమైంది?

ఆర్‌ఎస్‌ఎఫ్ చేసినది ఇంతకన్నా ఘోరం. అల్ ఫాషిర్ నగరాన్ని 500 రోజులకు పైగా దిగ్బంధించింది. ముట్టడి ఆపాలని 2024 జూన్‌లో భద్రతా మండలి 2736వ తీర్మానం కోరినా లెక్కచేయలేదు. 2025 ఏప్రిల్‌లో జంజం శిబిరాన్ని, అక్టోబరు 26న నగరాన్ని ఆక్రమించి సామూహిక హత్యలకు పాల్పడింది. ఒకరు ద్వారం మూస్తే, మరొకరు నగరాన్నే మూశారు. ప్రజలను పస్తులు పెట్టడాన్ని యుద్ధ సాధనంగా వాడరాదని 2018లోనే 2417వ తీర్మానం చేసిన ప్రపంచం చూస్తూ ఉండిపోయింది.

ఇక ముస్లిం దేశాల సంగతి. ఈజిప్టు సైన్యం పక్షాన ఉన్నది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఆయుధాలు చేరవేస్తున్నదన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం పేర్కొన్నది. ఎమిరేట్స్ దీనిని ఖండిస్తున్నది. 2025 ఏప్రిల్ 15న లండన్ సమావేశంలో అరబ్ దేశాలు తమలో తాము ఏకీభవించలేక ఉమ్మడి ప్రకటన సైతం వెలువడలేదు. హిజ్రీ 18వ ఏట కరవు వచ్చినప్పుడు సిరియా, ఇరాక్ గవర్నర్లకు లేఖలు రాసి ధాన్యం తెప్పించి, ప్రజల ఆకలి తీరేదాకా నెయ్యి ముట్టని హజ్రత్ ఉమర్ (రజి) వారసులమని చెప్పుకునే పాలకులు వీరు!

పాలకులను అని మనం తప్పుకోగలమా? గాజా కోసం మన ఊళ్లలో ర్యాలీలు తీశాం; తీయవలసిందే. సూడాన్ కోసం ఎన్ని తీశాం? చంపేవాడు పరాయివాడైతే మన గొంతు లేస్తుంది. కలిమా చదివినవాడే అయితే ఆ గొంతు పూడుకుపోతుంది. మృతుడి బాధ హంతకుడి మతాన్ని బట్టి మారుతుందా? ఇక్కడ మైనారిటీలుగా న్యాయం అడిగే మనం, అక్కడ దార్‌ఫూర్‌లోని మసాలీత్, జఘావా తెగల ముస్లింలను జాతి పేరిట ఊచకోత కోస్తుంటే మౌనంగా ఉంటే, మన న్యాయవాదానికి బలమెక్కడిది?

మనకు దూరపు యుద్ధమనీ అనలేం. సూడాన్ బంగారంలో అత్యధిక భాగం చేరేది ఎమిరేట్స్‌కే. ఆ బంగారమే ఉభయ పక్షాల తుపాకులకూ ఖర్చు భరిస్తున్నది. దుబాయి నుంచి మన పెళ్లిళ్లకు వచ్చే గొలుసు ఏ గనిదో మనలో ఎవరమైనా అడిగామా?

దేశాధినేతలు విఫలమైనచోట సూడాన్ సామాన్యులు విఫలం కాలేదు. యువతీయువకులు వాడవాడలా అత్యవసర సహాయ కేంద్రాలు పెట్టి, తకాయా అనే ఉమ్మడి వంటశాలలు నడిపారు. విరాళాలు తగ్గి, అమెరికా సాయం ఆగి 2025లో వందలాది పొయ్యిలు ఆరిపోయాయి.

అందుచేత మేము కోరేది ఇది. కాల్పుల విరమణ చర్చలు ఎంతకాలమైనా సాగనీయండి. రొట్టెను మాత్రం ఆ బల్ల మీది నుంచి తీసివేయండి. సహాయం పోరాడేవారు పడేసే భిక్ష కాదు, పౌరుల హక్కు. ఆపరేషన్ కావేరితో 3,800 మందికి పైగా భారతీయులను, వారిలో మన తెలుగువారిని, తెచ్చుకున్న భారత ప్రభుత్వం అంతటితో తన బాధ్యత తీరిందనుకోక ఐక్యరాజ్యసమితిలో ఈ మాట గట్టిగా చెప్పాలి. మన మసీదులలో జుమా నాడు సూడాన్ పేరెత్తి దుఆ చేయాలి, ప్రసంగాలలో చెప్పాలి. చట్టబద్ధమైన మార్గాలలో మన సదఖా, జకాత్‌లలో కొంత ఆ పొయ్యిలకు చేరాలి.

ఆ తుఫాను వేళ నాలుగు రోజులు ఆగిన ఫైలుకు ఇప్పటికీ మా దగ్గర జవాబు లేదు. సూడాన్ విషయంలో మనమంతా అదే స్థితికి రాకూడదు.