నబ్జ్ పట్టే చేతికి ఇజ్జత్ ఏదీ?

మల్యాలలో మన ఖాందాన్ల రివాజు ఒకటుంది. కాన్పు టైముకు ఆడ నర్సే కావాలంటాం. అదే బేటీ ఇంటర్ పాసై నర్సింగ్ చదువుతానంటే, "ఆ పని మనకెందుకమ్మా, రిష్తాలు రావు" అంటాం. ఇదెక్కడి ఇన్సాఫ్?

నర్సంటే సూది వేసి పట్టీ కట్టే మనిషేనని మన ఖయాల్. అసలు పని అంతకు ముందే మొదలవుతుంది. మరీజ్ మొహం చూడాలి, నబ్జ్ పట్టాలి, సాంస్ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు ఆరాంగా ఉన్నప్పుడు అది నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఉంటుంది. 25కు చేరిందంటే, బుఖార్ లేకున్నా, మనిషి బాగానే మాట్లాడుతున్నా, డాక్టర్‌ను పిలవాల్సిందే. గంట కింద ఎంతుంది, ఇప్పుడెంతుంది అని పోల్చి ఖతరాను ముందే పసిగట్టడం ఉత్త ఖిద్మత్ కాదు, ఇల్మ్.

కడుపుతో ఉన్న బహూ తలనొప్పంటే మనం నజర్ తీస్తాం. నర్స్ బీపీ చూస్తుంది. ఐదో నెల దాటాక బీపీ 140/90కి చేరి, తలనొప్పితో కళ్లు మసకబారుతుంటే తల్లీబిడ్డలిద్దరి జాన్‌కూ ముప్పే. ఫిట్స్ కూడా రావచ్చు. మగ డాక్టర్ ముందు షరమ్‌తో దాచే మాటలను, మన జబాన్‌లో అడిగే నర్స్ ఉంటే ఆడవాళ్లు చెప్పుకుంటారు.

ఖందక్ జంగ్‌లో గాయపడ్డ హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి)ను చేర్చింది ఎక్కడికి? హజ్రత్ రుఫైదా (రజి) ఖైమాకే. ఆ హునర్‌కు అప్పుడున్న ఇజ్జత్ ఇప్పుడేమైంది?

నైట్ డ్యూటీలంటే అమ్మీ అబ్బాలకు ఫికర్ ఉండటం వాజిబే. అయితే భద్రమైన హాస్టల్, రాకపోకలకు బందోబస్తు అడుగుదాం. తాలీమ్‌నే ఆపితే ఎట్లా? కొడుకును దుబాయి పంపడానికి అప్పు చేసే మనం, బేటీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు వెనకాడటం ఎందుకు? సిరిసిల్లలో సర్కారు నర్సింగ్ కాలేజీ ఉంది. జగిత్యాలలో 2022 నుంచి సర్కారు మెడికల్ కాలేజీ నడుస్తోంది.

ఈసారి అడ్మిషన్ల టైముకు "రిష్తాలు రావు" అనే ముందు, మన ఇంటి కాన్పుకు ఎవరి బేటీ వచ్చి నిలబడిందో యాద్ చేసుకుందాం.