యోగా చాప ఆరోగ్య కేంద్రంలో పరవాలి

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు వెళ్లే ఒకే రైలుమార్గం మీద ఉన్నాయి. ఇంట్లో ఒకరి మనసు బాగా దెబ్బతిని, ఇక తమవల్ల కాదనుకున్నప్పుడు ఇక్కడివాళ్లు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దారి పడతారు. అక్కడిదాకా చేరేది కొందరే. నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలున్న నూటికి 85 మందికి వైద్యం అందడం లేదు. నిద్ర పట్టడం లేదని, ఒళ్లు నొప్పులని చెప్పుకుని, బలానికి సూది వేయించుకుని ఇంటికి పోయేవాళ్లు ఎందరో. పిచ్చివాడంటారేమోనన్న భయం వాళ్లను మానసిక వైద్యుడి గడప తొక్కనివ్వదు. యోగాకు ఆ ముద్ర లేదు. పుట్టపర్తి కేంద్రంగా ఉన్న ఈ జిల్లాలో ధ్యానమంటే తెలియనివాళ్లు తక్కువ. కనుక కుంగుబాటుకు యోగాను వైద్యంలో భాగంగా, ఆరోగ్య కేంద్రంలోనే నేర్పాలి. జనం సంకోచం లేకుండా లోపలికి వచ్చే తలుపు అదే అవుతుంది.

దీనికి ఆధారం నిమ్హాన్స్‌లోనే ఉంది. తీవ్రమైన కుంగుబాటుతో ఆసుపత్రిలో చేరిన 45 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు విద్యుత్ చికిత్స, మరొకదానికి ఇమిప్రమిన్ అనే కుంగుబాటు మాత్రలు ఇచ్చారు, మూడో జట్టుతో సుదర్శన క్రియ అనే శ్వాస సాధన చేయించారు. నాలుగు వారాలకు కోలుకున్నవారు వరుసగా 93, 73, 67 శాతం. ఈ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. జట్టుకు పదిహేను మందే కాబట్టి దీన్ని తుదితీర్పుగా తీసుకోలేం. పైగా ఆ సాధన జరిగింది వైద్యుల కళ్లెదుట. ధ్యానం విషయంలో ఇంకా పెద్ద పరిశీలన ఇంగ్లండ్‌లో జరిగింది. పదేపదే కుంగుబాటుకు లోనై కోలుకున్న 424 మందిలో సగం మంది మందులు కొనసాగించారు. మిగతా సగం ధ్యానం ప్రధానంగా ఉన్న ఎనిమిది వారాల శిక్షణ పొంది, వైద్యుల సాయంతో మందులు తగ్గించుకున్నారు. 2015లో వెలువడిన ఫలితం ప్రకారం రెండేళ్లలో జబ్బు తిరగబెట్టింది మందులవాళ్లలో 47 శాతానికి, ధ్యానం చేసినవాళ్లలో 44 శాతానికి. అంటే దాదాపు సమానం. తనను కుంగదీసే ఆలోచన ఒక ఆలోచన మాత్రమేనని, అదే నిజం కానక్కర్లేదని గుర్తుపట్టడం ఆ శిక్షణలో అసలు పాఠం. వేళకు లేచి, నలుగురి మధ్యకు వచ్చి కూర్చోవడం కూడా ఈ జబ్బుకు చిన్న మేలేమీ కాదు.

యోగా మొదలుపెడితే జనం మాత్రలు మానేస్తారని వైద్యులు భయపడతారు. సరైన భయమే. కుంగుబాటు మందు పనితనం కనపడటానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. మందు ఆపమనే మాట శిక్షకుడి నోట రాకూడదు. చచ్చిపోవాలన్న తలపు వస్తున్నవారిని, మంచం దిగలేనివారిని ముందు వైద్యుడి దగ్గరికే పంపాలి. ధ్యానం అందరికీ పడదు కూడా. 83 అధ్యయనాలను 2020లో సమీక్షించినప్పుడు సుమారు 8 శాతం మందిలో ఆందోళన వంటి ఇబ్బందులు కనిపించాయి. అందుకే కొత్తవారికి సులువైన ఆసనాలు, నెమ్మదైన శ్వాసతో మొదలుపెట్టడం మేలు. హిందూపురంలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. మంత్రం లేకుండా నేర్పితే ఊపిరి అందరిదీ.

నాకు అన్నిటికన్నా బరువుగా తోచే ఆక్షేపణ ధర్మవరం మగ్గం గుంతలోంచి వస్తుంది. ముడిపట్టు ధర, మరమగ్గాల పోటీ, తీరని అప్పు మనిషిని నలిపేస్తుంటే ప్రాణాయామం ఏం చేస్తుంది? అప్పును తీర్చదు. కొన్ని రకాల బట్టల నేతను మరమగ్గాలకు కాక చేతిమగ్గాలకే కేటాయించే చేనేత రిజర్వేషన్ చట్టం 1985 నుంచీ ఉంది. దాన్ని గట్టిగా అమలు చేయమని అడగడం మానకూడదు. కానీ కుంగుబాటు ముదిరిన నేతగాడికి నాడె విసరడానికి చెయ్యి లేవదు, బ్యాంకుకు పోయి మాట్లాడటానికి నోరు రాదు. అప్పుతో పోరాడే సత్తువనే ఆ జబ్బు తినేస్తుంది. అప్పు తీరేదాకా వైద్యం ఆగాలనడం అతనికి రెండో అన్యాయం.

2025 జూన్ 21న యోగా దినోత్సవానికి విశాఖ తీరంలో మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేశారు. కుంగిపోయిన మనిషి అంత జనంలోకి రాడు. అతనికి కావాల్సింది ఒక గది, పది మంది తోటివాళ్లు, మగ్గం ఆగే వేళకో ఫ్యాక్టరీ షిఫ్టు ముగిసే వేళకో వారానికి రెండు తరగతులు, అవీ కనీసం ఎనిమిది వారాలు. కుంగుబాటును అంచనా వేసే తొమ్మిది ప్రశ్నలను మొదట ఒకసారి, చివర ఒకసారి అడగాలి. తగ్గనివారిని వైద్యుడికి అప్పగించాలి. పొరుగు రాష్ట్రంలోని బళ్లారిలో 1980లలో ప్రయత్నించి చూసిన, ఆరోగ్య కేంద్రాల్లోనే మానసిక వైద్యం అందించే పద్ధతే దేశానికి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమైంది. ఈ మూడు పట్టణాల ఆరోగ్య కేంద్రాల్లోనూ జిల్లా యంత్రాంగం ఈ పని మొదలుపెట్టాలి. అంతదాకా ఆగలేని బాధ మీదైనా, మీ ఇంట్లోవారిదైనా ప్రభుత్వ మానసిక సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు.