పది మంది చుట్టాలు, ఒక్క సంబంధం

ప్యారలల్ ప్రాసెసింగ్ (ఒకే పనిని చాలా ప్రాసెసర్లు కలిసి చేయడం) పాఠాన్ని నేను పెళ్లి సంబంధాలతో మొదలుపెడతాను. పిల్లలు నవ్వుతారు, కానీ గుర్తుపెట్టుకుంటారు. అమ్మాయికి పది సంబంధాలు వచ్చాయి. మొదటిదాన్ని పూర్తిగా విచారించాం, బాగుంది. రెండో అబ్బాయి అంతకంటే తక్కువని తేల్చే ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఇక ఆరా అక్కర్లేదు. చదరంగం ప్రోగ్రాములు చాలావరకు ఎత్తులను వడపోసేది ఇలాగే. దాన్ని ఆల్ఫా-బీటా అంటారు. అలాకాక పది మంది చుట్టాలను ఒకేసారి పది ఊళ్లకు తరిమామనుకోండి. పోల్చుకోవడానికి చేతిలో ఏదీ లేదు కాబట్టి ప్రతివాడూ మొత్తం ఆరా తీసుకునే వస్తాడు. బస్సు చార్జీలు దండగ. ప్రాసెసర్ల సంగతీ అంతే.

అందుకే, కంప్యూటర్ చెస్ పోటీలకు ఎక్కువ ప్రాసెసర్లు తెచ్చుకోవడం అన్యాయమంటే నాకు ఒళ్లు మండుతుంది. డబ్బున్నవాడు ప్రాసెసర్లు కొనుక్కోగలడు. వాటిచేత కలిసి పని చేయించడం మాత్రం కొంటే వచ్చేది కాదు.

1995లో హాంకాంగ్‌లో కంప్యూటర్ చెస్ ప్రపంచ పోటీ జరిగింది. స్టార్ సోక్రటీస్ అనే ప్రోగ్రాము వెనక 1,824 ప్రాసెసర్ల ఇంటెల్ పారగాన్ ఉంది. ఐబీఎం డీప్ బ్లూ నమూనాతో దిగింది. ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాముకు ఉన్నదల్లా దుకాణంలో దొరికే 90 మెగాహెర్ట్జ్ పెంటియం. అది ఐబీఎంను ఓడించింది, టైబ్రేక్‌లో సోక్రటీస్‌నూ ఓడించి టైటిల్ పట్టుకుపోయింది. ఐదు రౌండ్ల పోటీలో అదృష్టం పాలు ఉంటుంది, కాదనను. రెండేళ్లకే 480 చదరంగం చిప్పులున్న డీప్ బ్లూ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌నే ఓడించింది కూడా.

2008లో బీజింగ్‌లో అదే ప్రపంచ పోటీలో రిబ్కా అనే ప్రోగ్రాము 40 కోర్లతో (ఒక్కో కోర్ ఒక ప్రాసెసర్ లాంటిదే) గెలిచింది. మరుసటి ఏడు పాంప్లోనాలో పోటీ నిర్వాహక సంఘం ఐసీజీఏ ఎనిమిది కోర్లకు మించకూడదంది. ఏమైంది? మళ్లీ రిబ్కాయే గెలిచింది. తర్వాత 2011లో, ఇతరుల కోడ్ వాడుకున్నారని తేల్చి, అదే ఐసీజీఏ ఆ టైటిళ్లన్నీ వెనక్కి తీసుకుంది. కోర్లు లెక్కపెట్టిన ఆ ఏడు ఐసీజీఏ కోడ్ తిరగేయలేదు!

మా ఇంటి ల్యాప్‌టాప్‌లో నాలుగు కోర్లున్నాయి. స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రామును ముందు ఒక్క కోర్ మీద, తర్వాత నాలుగింటి మీదా నడిపి చూశాను. సెకనుకు చూసే స్థానాలు దాదాపు నాలుగింతలయ్యాయి. లోతు మాత్రం ఒకటి రెండు ఎత్తులే పెరిగింది. స్టాక్‌ఫిష్ పద్ధతి తమాషాగా ఉంటుంది. చుట్టాలందరికీ ఒకే జాబితా ఇచ్చి, ఎవరికి ఏది తెలిసినా ఒకే నోటుపుస్తకంలో రాయమంటుంది. వాళ్ల మధ్య పని పంపకమంటూ ఏమీ ఉండదు. పేరే లేజీ ఎస్ఎంపీ, బద్ధకపు పద్ధతి. ఎంతో నేర్పుగా పని పంచే పాత పద్ధతిని 2016లో పక్కకు నెట్టింది ఈ బద్ధకమే. కోర్ల మీద హద్దు గీస్తే ఇలాంటి ఆలోచన ఎవరికి కావాలి?

ఒంటరిగా ఇంట్లో కూర్చుని ప్రోగ్రాము రాసుకునే కుర్రాడి బాధ వేరు. 2015లో లైడెన్‌లో జానీ అనే ప్రోగ్రాము 2,400 కోర్లతో గెలిచింది. ఆ కుర్రాడు అన్ని కోర్లు ఎక్కడ తెస్తాడు? దానికి మందు 2010లోనే దొరికింది. ఏ యంత్రమైనా తెచ్చుకోగల పోటీ ఒకటి, అందరికీ ఒకే రకం యంత్రమిచ్చే పోటీ మరొకటి పెట్టారు.

కోడింగ్ పోటీలు పెట్టే మన ఇంజినీరింగ్ కాలేజీలకూ నా మనవి అదే. రెండు విభాగాలు పెట్టండి. ఒకదాంట్లోనైనా పిల్లల్ని ఎన్ని కోర్లు దొరికితే అన్ని తెచ్చుకోనివ్వండి.