వంటింటి మాట: స్పాంజి వాసనొస్తే ఏం చెయ్యాలి?



రియాద్ నుంచి ఒక చెల్లెలు వాయిస్ మెసేజ్ పెట్టింది. రెండు సార్లు విన్నాను. "అక్కా, మా మేడమ్ నెలకొక స్పాంజి ఇస్తది. పది రోజులకే వాసనొస్తది. గ్లాసులు నీచు కొడుతున్నాయని నన్నే తిడతది. మొన్న రాత్రి క్లోరాక్స్‌లో వేసి, వాసన గట్టిగా పోవాలని వెనిగర్ కూడా పోసినా. గొంతు పట్టేసింది, కళ్లు మండినయ్. తలుపు తీసుకొని బయటికి ఉరికినా."

ముందు ఈ సంగతి చెప్పి, తర్వాతే స్పాంజి దగ్గరికి వెళ్దాం. క్లోరాక్స్ అని మనం ఇక్కడ ఏ కంపెనీ బ్లీచింగ్ నీళ్లనైనా అంటాం కదా. దాంట్లో వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ గానీ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అది ఊపిరితిత్తుల్ని కాల్చేసే విషం. అద్దాలు తుడిచే అమోనియా మందు కలిసినా విషపు గాలే వస్తుంది. ఏసీ వేసి కిటికీలన్నీ మూసేసిన వంటిల్లు మనది, ఆ గాలి పోయే దారి ఉండదు. ఎప్పుడైనా ఇలా జరిగితే గిన్నె ఎత్తి పారబోద్దామని కూడా ఆగకండి, బయటికి వచ్చేయండి. దగ్గు తగ్గకపోయినా, ఊపిరి ఆడకపోయినా 997కి ఫోన్ చెయ్యాలి, అది సౌదీ రెడ్ క్రెసెంట్ అంబులెన్స్ నంబరు. మేడమ్ ఏమంటుందో అని గదిలో పడుకుండిపోవద్దు తల్లీ.

ఇక స్పాంజి. 2017లో జర్మనీలో శాస్త్రవేత్తలు జనం ఇళ్లలో వాడిన పద్నాలుగు స్పాంజిలు తెచ్చి పరీక్ష చేశారు. చక్కెర బిళ్లంత ముక్కలో కొన్ని చోట్ల ఐదు వేల కోట్ల దాకా బ్యాక్టీరియా కనిపించింది. అన్నీ జబ్బు చేసేవి కావు. అందులో మొరాక్సెల్లా అనే రకం ఒకటుంది. సరిగ్గా ఆరని బట్టలకు ముక్క వాసన తెప్పించేది అదేనట. కాబట్టి చెల్లీ, ఆ వాసన నీ చేతి శుభ్రం తక్కువై వచ్చింది కాదు. తడి, మెతుకు, జిడ్డు ఒకచోట చేరితే ఎవరి చేతిలో ఉన్నా స్పాంజి అలాగే అవుతుంది.

మరి క్లోరాక్స్‌లో నానేస్తే పోదా? అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు 2007లో చేసి చూశారు. పది పాళ్లకు ఒక పాలు బ్లీచ్ కలిపిన నీళ్లలో మూడు నిమిషాలు ఉంచారు, ఇంకొన్నిటిని నిమ్మరసంలో ముంచారు, కొన్నిటిని ఉత్త నీళ్లలో. ఈ మూడు పద్ధతుల్లో చచ్చిన క్రిములు నూటికి 37 నుంచి 87 మాత్రమే. స్పాంజి లోపల ఇరుక్కున్న తిండి ముక్కలే బ్లీచ్ బలాన్ని ముందు తినేస్తాయి. తడి స్పాంజిని మైక్రోవేవ్‌లో ఒక్క నిమిషం పెడితే మాత్రం దాదాపు అన్నీ చచ్చాయి. అంటే పని చేసేది వేడి.

మైక్రోవేవ్‌లో పెట్టాలంటే మేడమ్‌ని ముందు అడగండి. పిల్లల పాలు వేడి చేసే దాంట్లో గిన్నెలు తోమేది పెట్టావా అంటే మన దగ్గర జవాబుండదు. ఒప్పుకుంటే స్పాంజిని సబ్బుతో కడిగి, నీళ్లు కారేంత తడిగా పెట్టండి. పొడిది పెడితే అంటుకుంటుంది. స్టీలు పీచు ఉన్నది అసలు పెట్టకూడదు. తీసేటప్పుడు చెయ్యి కాలుతుంది, కాసేపు ఆగండి. ఒప్పుకోకపోతే పాత గిన్నెలో నీళ్లు తెర్లించి, ఐదు నిమిషాలు ఉడకనివ్వండి. నేను చేసేది ఇదే. గిన్నె మాత్రం వేరేది పెట్టుకోండి, టీ కాచేది కాదు.

ఉడికించినంత మాత్రాన కొత్తదైపోదు. జర్మనీ వాళ్లు చూసిన వాటిలో తరచూ శుభ్రం చేస్తున్న స్పాంజిలు కూడా మిగతావాటికంటే మెరుగ్గా లేవు. మిగిలిన నాలుగు క్రిములే మళ్లీ పెరుగుతాయి. అందుకే వారానికొకటి మార్చమన్నారు. నెలకొకటి ఇచ్చే ఇంట్లో వారానికొకటి ఎలా? కత్తెర తీసుకోండి. కొత్త స్పాంజిని నాలుగు ముక్కలు చేసి, వారానికొక ముక్క. చిన్న ముక్క పిండడం సులువు, తొందరగా ఆరుతుంది కూడా. వారం దాటిన ముక్కకు ఒక మూల కత్తిరించి పొయ్యికి, సింకుకు వాడండి. మూల తెగినది మళ్లీ పళ్లేల మీదకు రాకూడదు. అబూ రియాలైన్ షాపులో కట్టలు కట్టలు దొరుకుతాయి కదా, సామాన్ల లిస్టు రాసేటప్పుడు మేడమ్‌కి గుర్తు చెయ్యడంలో తప్పు లేదు.

కోడి కడిగిన సింకుకు ఆ స్పాంజి తగలనివ్వకండి. అక్కడ టిష్యూతో తుడిచి పారెయ్యడమే. రంజాన్‌లో ఇఫ్తార్ హడావిడిలో ఇదే మర్చిపోతాం, కోడి కడిగిన చేత్తోనే ఖర్జూరం పళ్లేలు తోమేస్తాం.

ఆరబెట్టడం సంగతి ఊరిని బట్టి ఉంటుంది. రియాద్ గాలి పొడిగాలి, గట్టిగా పిండి నిలబెడితే తెల్లారేసరికి ఆరిపోతుంది. జెద్దా, దమ్మామ్ సముద్రపు ఊర్లు, ఉక్కకు సింకు పక్కన రెండు రోజులైనా ఆరదు. మిద్దె మీదకు వెళ్లే వీలుంటే బట్టలతో పాటు క్లిప్పు పెట్టి ఎండలో వేలాడదీయండి. సబ్బు నీళ్ల గిన్నెలో మునగేసి పడుకోవడం మాత్రం వద్దు. చాలామంది శుభ్రం అనుకొని చేసే పని అదే.

నార్వేలో ఒక పరిశోధన సంస్థ బ్రష్షును, స్పాంజిని పోల్చి చూసింది. ఆరిన బ్రష్షులో కోడి మాంసం నుంచి వచ్చే సాల్మొనెల్లా క్రిములు చచ్చాయి, తడి స్పాంజిలో బతికే ఉన్నాయి. పిడి ఉన్న బ్రష్షయితే చెయ్యి కూడా నీళ్లలో తక్కువ నానుతుంది. గోళ్ల పక్కన పుండ్లు పడ్డవాళ్లు దాన్నే అడిగి తెప్పించుకోండి.

ఊళ్లో ఉన్న అమ్మలకు, అత్తమ్మలకు ఒక మాట. సెలవుకు వచ్చిన బిడ్డ తిరిగి బయల్దేరేటప్పుడు పచ్చళ్ల పక్కన ఎండిన బీరకాయ పీచు రెండు పెట్టండి. బరువుండదు, తొందరగా ఆరుతుంది. అదీ వారానికోసారి ఉడకబెట్టాల్సిందే. మా అమ్మ పెట్టిన దాన్ని మా మేడమ్ చూసి, ఒళ్లు రుద్దుకునే లీఫా అనుకొని తన బాత్‌రూమ్‌లో పెట్టేసుకుంది. ఇప్పుడు ఆమెకీ ఒకటి తెమ్మంటోంది.