సహకార సంఘంలో తపాలా ఓటు: హక్కుతో పాటు కట్టుబాటు కావాలి

రైల్వే, తపాలా ఉద్యోగుల జీవితంలో సహకార పరపతి సంఘానికి గల స్థానాన్ని మన పాఠకులకు వివరించి చెప్పనవసరం లేదు. కుమార్తె వివాహానికైనా, కుమారుని చదువుకైనా, తల్లిదండ్రుల వైద్యానికైనా వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా మనలను కాపాడుతున్నది ఆ సంఘమే. నెలనెలా జీతపు పట్టీలో వాటా ధనం, పొదుపు, అప్పు వాయిదా అనే పద్దుల క్రింద కోతపడే ప్రతి రూపాయి మన శ్రమఫలమే. అప్పు తీసుకున్నవాడు బాకీ పడితే అతనికి జామీను నిలిచిన సహోద్యోగి జీతం నుండి ఆ సొమ్ము రాబట్టబడుతుంది. వడ్డీ ఎంత ఉండాలి, డివిడెండు ఎంత పంచాలి, జామీనుదారులపై చర్య ఎప్పుడు తీసుకోవాలి అన్న విషయాలన్నీ పాలకవర్గం చేతిలో ఉన్నాయి. గాన ఆ పాలకవర్గాన్ని ఎన్నుకునే హక్కు అలంకారప్రాయమైనది కాదు. అది మన కడుపుకు సంబంధించిన హక్కు.

అయితే ఆ హక్కును వినియోగించుకోగలవారెవరు? ప్రధాన కార్యాలయం ఉన్న నగరంలో పనిచేసేవారికి పోలింగు కేంద్రం నడిచిపోగల దూరంలో ఉంటుంది. అడవి మధ్య లెవెల్ క్రాసింగు వద్ద గేటు కాచే ఉద్యోగికి, పట్టాల వెంట మైళ్లు నడిచే కీమన్‌కు, ఓటింగు రోజున మరొక డివిజనులోని రన్నింగ్ రూములో విశ్రాంతి తీసుకుంటున్న లోకో పైలట్‌కు, రాత్రి సెట్టులో సంచులు విప్పుతున్న ఆర్.ఎమ్.ఎస్. సార్టరుకు అది ఎంత దూరం? దక్షిణ మధ్య రైల్వే ఒక్కటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రాలలో విస్తరించి ఉంది. ఇటువంటి విస్తీర్ణంలో ఉద్యోగుల సంఘం ఓటును స్థలానికి కట్టివేస్తే, సమాన హక్కు కాగితం మీదనే సమానంగా ఉంటుంది.

ఒక సభ్యునికి ఒకే ఓటు అన్నది సహకారోద్యమానికి పునాది. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణపు శ్రామికులు తమ దుకాణాన్ని తెరిచిన నాటి నుండి ఆ ఉద్యమానికి మూలధనం కన్న మనిషే ముఖ్యుడు. మన దేశంలో 1904లో పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912 చట్టం ఇతర రకాల సంఘాలకు కూడ దారి తెరిచింది. ఒకటి కన్న ఎక్కువ రాష్ట్రాలలో పనిచేసే సంఘాలకు నేడు వర్తిస్తున్న 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం కూడ సభ్యునికి ఒకే ఓటు ఇచ్చింది. ఆ ఓటును సభ్యుడు స్వయంగా వేయాలనీ, తన బదులు మరొకరిచేత వేయించరాదనీ శాసించింది.

ఈ నిబంధన ఉద్దేశం మంచిదే. బదిలీ పత్రాలపై సంతకాలు సేకరించి ఓట్లను మూటగట్టే దురాచారం సహకార సంఘంలో చొరబడరాదన్నదే దాని భావం. కాని “స్వయంగా” అన్న మాటకు “ఆ హాలులో నిలబడి” అన్న అర్థం ఒక్కటే ఉండనవసరం లేదు. తన ఇంట కూర్చుండి, తన చేతితో గుర్తు పెట్టి, తానే అంటించి పంపిన ఓటు బదిలీ ఓటు కాదు. అది స్వయంగా వేసిన ఓటే. చట్టం ఆ సంగతిని స్పష్టంగా చెప్పవలసి ఉంది.

ఇదే దేశంలో వాటాదారునికి లభిస్తున్న సౌకర్యం చూడండి. 2013 కంపెనీల చట్టం 110వ సెక్షను తపాలా బ్యాలెట్ ద్వారా తీర్మానాలు చేసే వీలు కల్పించింది. లిస్టెడ్ కంపెనీలు తమ వాటాదారులకు ఎలక్ట్రానిక్ ఓటు సౌకర్యం కల్పించి తీరవలెనని నిబంధన ఉంది. లక్ష వాటాలు గలవాడు లక్ష ఓట్లను తన ఇంటి నుండి వేయవచ్చును. ఒకే ఒక ఓటు గల ట్రాక్‌మన్ మాత్రం ఆ ఒక్క ఓటు కోసం సెలవు పెట్టి ప్రయాణం చేయాలి! పెట్టుబడికి లభించిన సౌకర్యం శ్రమకు ఎందుకు లభించరాదు?

2011లో 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘాలు ఏర్పరచుకునే హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చింది. వాటి స్వయంప్రతిపత్తిని, ప్రజాస్వామిక నియంత్రణను పెంపొందించడం రాజ్యం బాధ్యత అని 43-బి అధికరణంలో చెప్పింది. 2023 సవరణ బహుళ రాష్ట్ర సంఘాల ఎన్నికల నిర్వహణను సహకార ఎన్నికల ప్రాధికార సంస్థకు అప్పగించింది. పాలకవర్గం తన ఎన్నికను తానే జరుపుకునే పద్ధతికి స్వస్తి పలకడం ఆహ్వానించదగినదే. దూరాన ఉన్న సభ్యునికి బ్యాలెట్ చేర్చడం దీని తరువాత పడవలసిన అడుగు. చట్టంలో తగిన సవరణ తెచ్చి తపాలా ఓటుకు చోటు కల్పించాలని మన సమాఖ్యలు డిమాండు చేయాలి.

అయితే తపాలా ఓటు అన్న పేరు పెట్టినంత మాత్రాన ప్రజాస్వామ్యం రాదు. పోలింగు కేంద్రంలో తెర ఉంటుంది, ఏజెంట్లు ఉంటారు, అందరి కళ్ల ముందు పెట్టెకు సీలు పడుతుంది. తపాలా ఓటులో ఇవేవీ లేవు. వాటి లోటును నిబంధనలే పూరించాలి. నిబంధనలు సడలితే మోసానికి ఇంతకన్న సులువైన మార్గం మరొకటి ఉండదు.

దీనికి కార్మికోద్యమ చరిత్రలోనే ఒక చేదు పాఠం ఉంది. బ్రిటనులోని ఎలక్ట్రికల్ ట్రేడ్స్ యూనియన్‌లో 1959 చివర ప్రధాన కార్యదర్శి పదవికి ఎన్నిక జరిగింది. శాఖల నుండి వచ్చిన ఫలితాల కవర్లు గడువు దాటి అందాయన్న కారణంతో అనేక శాఖల ఓట్లను లెక్క నుండి తొలగించారు. వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కింది. ఆలస్యమైనట్లు చూపడానికి అసలు కవర్లకు బదులు వేరు కవర్లను పోస్టు చేశారని అక్కడ తేలింది. 1961లో న్యాయమూర్తి ఆ ఫలితాన్ని కొట్టివేసి, ఓడినట్లు ప్రకటించబడిన అభ్యర్థినే గెలిచినవాడుగా నిర్ణయించారు. ఆ మోసానికి సాధనమైనది ఒక కవరు, దానిపై పడిన తేదీ ముద్ర. ముద్ర విలువ ఎంతో తెలిసిన తపాలా ఉద్యోగులకు ఇంతకన్న వేరే హెచ్చరిక అక్కరలేదు.

మరి ఎటువంటి నిబంధనలు కావాలి? ముఖ్యమైన వాటిని ఇక్కడ చర్చకు పెడుతున్నాము.

మొదటిది ఓటర్ల జాబితా. ఎన్నిక ప్రకటనకు ముందే జాబితాను ప్రకటించి, అభ్యంతరాలకు గడువిచ్చి, ఆ తరువాత దానిని ముగించాలి. ప్రతి సభ్యుని ఇంటి చిరునామా అందులో ఉండాలి. బదిలీలు మన ఉద్యోగాలలో నిత్యకృత్యం గనుక చిరునామా సరిదిద్దుకొనుటకు ప్రత్యేకంగా గడువివ్వాలి. జాబితాపై అధికారం పదవిలో ఉన్న పాలకవర్గానికి గాక ఎన్నికల అధికారికి ఉండాలి.

రెండవది, అన్నిటికన్న ముఖ్యమైనది, బ్యాలెట్ ప్రయాణించే దారి. బ్యాలెట్ సభ్యుని ఇంటికి తపాలాలో రావాలి. సభ్యుని చేతి నుండి నేరుగా తపాలా పెట్టెలోనికి పోవాలి. ఈ రెండు కొసల మధ్య మరొక చేయి తగలరాదు. పని సులువవుతుందని చెప్పి బ్యాలెట్ల కట్టలను డిపోకో, సెక్షను కార్యాలయానికో, సబ్ పోస్టాఫీసుకో పంపి పంచిపెట్టించడం, గుర్తు పెట్టిన కవర్లను ఒకరు ఇల్లిల్లూ తిరిగి సేకరించడం పూర్తిగా నిషేధించాలి. సేకరించడానికి వచ్చినవాడు పై అధికారి అయినా, యూనియన్ నాయకుడైనా, ఆప్తమిత్రుడైనా ఫలితం ఒక్కటే. “నీ కవరు ఏదీ?” అని ఎదుట నిలబడి అడిగినవాని ముందు రహస్యం నిలువదు. రేపు అప్పు దరఖాస్తుతో అతని వద్దకే పోవలసిన సభ్యుడు నేడు అతనికి కాదనగలడా? ఈ మాట మన సొంత కార్యకర్తలకు కూడ వర్తిస్తుందని నిష్కర్షగా చెప్పుకోవాలి. తిరుగు కవరుపై తపాలా ఖర్చు సంఘమే ముందుగా భరించాలి.

మూడవది జంట కవర్ల పద్ధతి. సార్వత్రిక ఎన్నికల విధులకు వెళ్లిన మన ఉద్యోగులకు ఇది కొత్త కాదు. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం గుర్తు పెట్టిన బ్యాలెట్ లోపలి కవరులో ఉంటుంది. ఆ కవరు, ఓటరు సంతకం చేసిన ధ్రువపత్రం కలిసి వెలుపలి కవరులో వస్తాయి. లెక్కింపునాడు ముందుగా ధ్రువపత్రాన్ని పరిశీలిస్తారు. అది సరిగా లేని యెడల లోపలి కవరును విప్పరు. సహకార సంఘంలో కూడ ధ్రువపత్రం చూసి జాబితాలో పేరుకు గుర్తు పెట్టిన తరువాత, ఏ గుర్తూ లేని లోపలి కవర్లన్నిటినీ ఒకచోట కలిపివేసి, అటు పిమ్మటనే విప్పాలి. అప్పుడు ఓటు వేసినది ఎవరో తెలుస్తుంది గాని ఎవరికి వేసినదీ తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సార్వత్రిక ఎన్నికలలో వలె ధ్రువపత్రంపై అధికారి సాక్షి సంతకం కావాలన్న నియమం మనకు పనికిరాదు. ట్రాక్‌మన్ తన సీనియర్ సెక్షన్ ఇంజనీరు వద్దకు, గ్రామీణ డాక్ సేవక్ తన ఇన్‌స్పెక్టరు వద్దకు బ్యాలెట్ కవరుతో పోవలసివస్తే మనం తొలగించదలచిన ఒత్తిడినే మరల పిలిచి పీట వేసినట్లవుతుంది. సభ్యుని సంతకం, ఉద్యోగి సంఖ్య, మరొక సాధారణ సభ్యుని సాక్షి సంతకం చాలును.

నాలుగవది కాలవ్యవధి. కంపెనీల నియమాలలో వాటాదారునికి 30 రోజుల గడువు ఉంది. మన సభ్యునికి అంతకన్న తక్కువ ఇవ్వరాదు. గడువును పోస్టు చేసిన తేదీతో గాక, అందవలసిన తేదీ, గంటలతో నిర్ణయించాలి. ముద్ర చెరిగిపోవచ్చును, వివాదం లేవవచ్చును. అందిన సమయం రిజిస్టరులో ఉంటుంది. గడువు దాటి వచ్చిన కవర్లను విప్పకుండా వేరుగా కట్టి, వాటి సంఖ్యను ప్రకటించాలి. బ్యాలెట్ అందని సభ్యునికి నకలు ఇవ్వడానికి, ఇచ్చినప్పుడు మొదటిదానిని రద్దు చేయడానికి స్పష్టమైన ఏర్పాటు ఉండాలి.

ఉపనియమాల భాష కూడ కాలానికి తగినట్లు సవరించుకోవాలి. “సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ క్రింద” పంపవలెనన్న మాట ఎక్కడైన మిగిలి ఉంటే అది నిర్జీవం. ఆ సేవ 2011లోనే ఆగిపోయింది. రిజిస్టర్డ్ పోస్టు కూడ 2025లో స్పీడ్ పోస్టులో విలీనమైంది. ఇప్పుడు స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషను అదనపు సేవగా లభిస్తున్నది. చిరునామాదారునికే అందజేయాలన్న షరతు కావాలంటే ఆ సేవను పేర్కొని వ్రాసుకోవాలి.

ఐదవది పర్యవేక్షణ. వచ్చే కవర్లు సంఘ కార్యాలయానికి గాక, ఎన్నికల అధికారి పేరిట ఉన్న పోస్టు బాక్సుకు చేరాలి. దినదినం వాటిని లెక్కించి, అభ్యర్థుల ప్రతినిధుల సమక్షంలో సీలు వేయాలి. సంఘంలో ఉద్యోగం గాని, పదవి గాని, అప్పు గాని లేని స్వతంత్ర పరిశీలకుడు ఉండాలి. పంపినవెన్ని, అందినవెన్ని, చెల్లనివెన్ని, ఏ కారణాన చెల్లలేదు అన్న లెక్కను ఫలితంతో పాటే ప్రకటించాలి. అభ్యర్థులందరి ప్రకటనలు సమానమైన నిడివిలో, సభ్యులు చదవగల భాషలలో, బ్యాలెట్‌తో పాటే పోవాలి. సంఘం సొమ్ముతో పాలకవర్గం వేరే ప్రచారం చేయరాదు.

తపాలా ఓటు వస్తే సర్వసభ్య సమావేశం నిర్వీర్యమవుతుందని కొందరు మిత్రులు భయపడుతున్నారు. ఈ అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. ఒకరినొకరు ప్రశ్నించుకోకుండా, జమాఖర్చులను నిలదీయకుండా ఇంట కూర్చుండి టిక్కు పెట్టడమే ప్రజాస్వామ్యమని మేమూ అనము. అందుచేతనే తపాలా ఓటుకు హద్దు గీయాలి. పాలకవర్గ ఎన్నిక, ముందుగా పూర్తి పాఠం పంపిన ఉపనియమ సవరణ వంటి వాటికి అది తగును. వార్షిక లెక్కల చర్చ, సభ్యుని బహిష్కరణ, పదవి నుండి తొలగింపు వంటివి సమావేశంలోనే జరగాలి. కంపెనీల చట్టం కూడ డైరెక్టరుకు, ఆడిటరుకు తన మాట వినిపించుకునే హక్కు గల అంశాలను తపాలా బ్యాలెట్ నుండి మినహాయించింది. ఒక మనిషిని శిక్షించబోయే ముందు అతని మాట వినాలి. కవరు మాట్లాడదు.

రహస్య బ్యాలెట్ విలువ మనకు ఒకరు చెప్పవలసినది కాదు. 2007లో, 2013లో, 2024 డిసెంబరులో రైల్వే కార్మికులు తమ గుర్తింపు యూనియన్లను రహస్య బ్యాలెట్ ద్వారానే నిర్ణయించారు. ఒక్క విషయం మరువరాదు. బ్రిటనులో యూనియన్లు తమ ఎన్నికల పద్ధతులను తామే చక్కదిద్దుకొనడంలో వెనుకబడగా, 1984, 1988 చట్టాలతో ప్రభుత్వమే జోక్యం చేసుకుని, కార్యవర్గ ఎన్నికలకు తపాలా బ్యాలెట్‌ను, స్వతంత్ర పరిశీలకుని నిర్బంధం చేసింది. ఆ చట్టాల ఉద్దేశం కార్మికులను బలపరచడం కాదు. మన ఇంటిని మనం ఊడ్చుకోకపోతే చీపురు పట్టుకుని మరొకడు వస్తాడు. అతడు చెత్తతో పాటు సామానును కూడ ఊడ్చుకుపోతాడు.

సోదరులారా! రానున్న సర్వసభ్య సమావేశాలలో, శాఖా మహాసభలలో ఈ నిబంధనలను చర్చించండి. లోపాలుంటే సవరించండి. చట్ట సవరణను కోరుతూ తీర్మానాలు చేసి సమాఖ్యకు పంపండి. దేశంలోని ప్రతి గ్రామానికి ఉత్తరం చేరవేసేవారు, ఆ ఉత్తరాల సంచులను దేశమంతటా మోసుకుపోయే రైళ్లు నడిపేవారు తమ సంఘంలో తమ ఓటును మాత్రం చేర్చలేకపోవడం ఇకనైన అంతం కావాలి.