పగులు చిన్నదే, పుట్టీతో పోదు

యాంగాన్‌లో ఓ పార్కింగ్ దగ్గర సిమెంటు దిమ్మెకు తగిలి నా కారు ముందు బంపర్ ఎడమ మూల పగిలింది. జానెడు కూడా లేదు. షెడ్డుకు తీసుకెళ్తే పుట్టీ పూసి, రుద్ది, రంగు కొట్టి సాయంత్రానికల్లా ఇచ్చేశారు. మూడు వారాలకు అదే గీత మళ్లీ తేలింది, పక్కనే ఇంకోటి. అప్పుడు మెకానిక్‌ను తిట్టుకున్నాను. ఇప్పుడు మాత్రం తప్పులో సగం నాదే అంటాను. సాయంత్రానికి కావాలని పట్టుబట్టింది నేనే కదా.

ఇక్కడి రోడ్లు చూడనివారికి ఒక మాట. 1970 నుంచి మయన్మార్‌లో వాహనాలు కుడివైపు నడుస్తాయి. కానీ జపాన్ నుంచి వచ్చిన పాత కార్లు ఎక్కువ, వాటి స్టీరింగూ కుడివైపే. డ్రైవరు కాలిబాట పక్కన కూర్చుంటాడు. ఎదురు బండ్ల వైపున్న ఎడమ మూల అతనికి సరిగా అందదు. మూలలు గీసుకోకుండా ఏడాది గడిపినవాళ్లు నాకు తెలిసి తక్కువే.

కొత్తది కొనేస్తే పోలా అంటారు కొందరు. 2021 ఆరంభంలో డాలరుకు 1,330 క్యాట్‌ల దగ్గర ఉండేది. 2022 ఆగస్టులో అధికారిక రేటే 2,100 అయింది, బయటి మార్కెట్ సంగతి చెప్పక్కర్లేదు. విడిభాగం ధర డాలరును చూసి కదులుతుంది, ఇక్కడివాళ్ల జీతం కదలదు. కాబట్టి బాగు చేయించుకోవడం పిసినారితనం కాదు. సరిగా చేయించుకోకపోవడమే దండగ.

ముందు ఆ భాగం నిజంగా ఫైబరేనా చూడాలి. కంపెనీ బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌వి, సాధారణంగా వెనకవైపు ‘పీపీ’ అని అచ్చు ఉంటుంది. దానికి ఫైబర్ రెజిన్ సరిగా అంటదు. వెనక గాజు పోగులు కనిపిస్తే అది ఫైబర్‌గ్లాస్. తర్వాత బిగించుకునే బంపర్లు, లిప్పులు, స్కర్టుల్లో చాలావరకు ఇవే. నాదీ అలాంటిదే.

ఫైబర్ బలమంతా లోపలి గాజు పోగుల్లో ఉంది. పగులు లోతుకు దిగిందంటే ఆ పోగులు తెగాయన్నమాట. మామూలు పుట్టీ గుంత నింపుతుంది గానీ తెగిన కొసలను పట్టి ఉంచదు. కారు అదిరిన ప్రతిసారీ ఆ గీత కదులుతూనే ఉంటుంది. అందుకే పగులు రెండు చివర్లా చిన్న రంధ్రం వేస్తే ముందుకు పాకదు. వెనకవైపు వాలుగా అరగదీయాలి. మందం 3 మిల్లీమీటర్లుంటే ఒక్కో పక్క 3 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అసిటోన్‌తో జిడ్డు తుడిచి, మ్యాట్ పరిచి, రెజిన్‌తో తడిపి, బుడగలు పోయేలా వత్తాలి. ముందువైపు పుట్టీ ఆఖరి పని, అదీ పలుచగా. ఎపాక్సీ వాడితే మామూలు మ్యాట్ బదులు నేసిన గాజుగుడ్డ అడగండి. మ్యాట్‌ను పట్టి ఉంచే జిగురు సాధారణంగా పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్‌కు కరిగేలా చేసింది.

మే నుంచి అక్టోబరు దాకా ఇక్కడ వానలే. తేమ రెజిన్‌కు పడదు. మనం తొందరపెడితే హార్డెనర్ ఎక్కువ పోస్తారు. పాలియెస్టర్‌కు ఒకటి రెండు శాతం చాలు, మించితే వేడెక్కి పెళుసవుతుంది.

నాకు అసలు కష్టమనిపించింది వేరే. ఆ షెడ్డులో ఓ కుర్రాడు మాస్కు లేకుండా గాజు పొడిలో కూర్చుని రుద్దుతున్నాడు. ఆ పొడి చర్మంలో గుచ్చుకుంటుంది, గొంతులోకి పోతుంది. స్టైరీన్ ఆవిరికి తల తిరుగుతుంది. బేరమాడి తగ్గించే డబ్బులో పదో వంతుకు మాస్కులొస్తాయి.

ఒకప్పుడు కోరంగి రేవు నుంచి రంగూన్‌కు ఓడలెక్కిన మనవాళ్లను ఆ రేవు పేరుతోనే ఇక్కడ కోరంగీలన్నారు. కోరంగి, తాళ్లరేవు పడవల పనికి పేరుపడ్డ ఊళ్లు. ఇప్పుడు కాకినాడ తీరంలో ఫైబర్ పడవలు మామూలే. పడవ అడుగు పగిలితే అక్కడ ఎవరైనా పుట్టీ పూసి సముద్రంలోకి దించుతారా? కారు మునగదు కాబట్టే మనకీ ధీమా.

రెండోసారి బండిని రెండు రోజులు షెడ్డులోనే వదిలేశాను. కుర్రాడికి మాస్కు, చేతి తొడుగులు కొనిచ్చాను. ముందు నవ్వాడు, తర్వాత పెట్టుకున్నాడు. ఆ రెండు రోజులూ వైబీఎస్ బస్సులో ఆఫీసుకెళ్లాను. గీత ఇంతవరకు మళ్లీ తేలలేదు.